మోగగానే పిలుస్తున్నది ఎవరో తెలియాలి: రింగ్‌టోన్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రింగ్‌టోన్ల గురించినవే కావడం వల్ల, వాటన్నింటినీ ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము. ముందుగా ఒక్క మనవి. ఫోన్ తయారుచేసిన సంస్థను బట్టి, అందులోని సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను బట్టి సెట్టింగ్స్‌లోని పేర్లు కొద్దిగా మారుతూ ఉంటాయి. మేము రాసిన పేరు మీ ఫోన్‌లో యథాతథంగా కనిపించకపోతే, సెట్టింగ్స్ తెరిచి అక్కడ ఉండే సెర్చ్ పెట్టెలో రింగ్‌టోన్ అని టైప్ చేయండి. సరైన పేజీ దొరుకుతుంది.

ప్రశ్న: ఒక మ్యూజిక్ యాప్‌లో నాకిష్టమైన పాటను డౌన్‌లోడ్ చేసుకున్నాను. ఇంటర్నెట్ లేకపోయినా ఆ పాట చక్కగా వినిపిస్తోంది. రింగ్‌టోన్‌గా పెట్టుకుందామని వెతికితే మాత్రం జాబితాలో ఎక్కడా లేదు. నాది ఆండ్రాయిడ్ ఫోన్. పాట ఫోన్‌లోనే ఉన్నప్పుడు ఎందుకు కనిపించదు?

జవాబు: పాట మీ ఫోన్‌లోనే ఉంది, కానీ మీ ఫోన్ చదవగలిగే రూపంలో లేదు. చందా కట్టి పాటలు వినే యాప్‌లు డౌన్‌లోడ్ చేసిన పాటను తాళం వేసినట్టుగా ఎన్‌క్రిప్ట్ చేసి దాచుకుంటాయి. ఆ తాళం తీయగలిగేది ఆ యాప్ ఒక్కటే. రింగ్‌టోన్‌కు కావలసింది ఏ యాప్‌తోనూ ముడిపడని మామూలు ఆడియో ఫైలు. ఎంపీత్రీ, ఎం4ఏ, ఓజీజీ, వేవ్ వంటి ఫైళ్ళలో ఏదైనా సరిపోతుంది. మీరు కొనుక్కున్న పాట ఫైలు కావచ్చు, మీ పాప పాడగా మీరే రికార్డు చేసుకున్నది కావచ్చు, ఎవరైనా మిత్రులు తాము వాయించి పంపినది కావచ్చు.

అటువంటి ఫైలు చేతికి వచ్చాక పని సులువు. సెట్టింగ్స్‌లో సౌండ్ అండ్ వైబ్రేషన్ అనే విభాగంలోకి వెళ్ళి, ఫోన్ రింగ్‌టోన్ అన్న వరుసను నొక్కితే జాబితా తెరుచుకుంటుంది. అందులో పైనో, అడుగునో కూడిక గుర్తు గానీ, ఫోన్ నుంచి ఎంచుకోండి అన్న మాట గానీ ఉంటుంది. దాన్ని నొక్కి మీ ఫైలును ఎంచుకోవచ్చు. ఇంతకన్నా నమ్మకమైన మార్గం మరొకటి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్ ఇంటర్నల్ స్టోరేజ్‌లో రింగ్‌టోన్స్, నోటిఫికేషన్స్, అలారమ్స్ అనే పేర్లతో మూడు ఫోల్డర్లు ఉంటాయి. ఫైల్స్ యాప్ తెరిచి, మీ ఫైలును రింగ్‌టోన్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే, అది దానంతట అదే జాబితాలో చేరిపోతుంది. వెంటనే కనిపించకపోతే ఫోన్‌ను ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి.

ఈ రెండో మార్గాన్నే మేము గట్టిగా సూచించడానికి కారణం ఉంది. కొన్ని ఫోన్లు మీ పాటను వేరే చోట భద్రపరచుకోవు, అది ఎక్కడ ఉందో మాత్రమే గుర్తుపెట్టుకుంటాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫైలును రింగ్‌టోన్‌గా పెట్టుకుని, కొన్నాళ్ళకు జాగా కోసం ఆ ఫోల్డర్‌ను ఖాళీ చేస్తే, మరునాడు అటువంటి ఫోన్‌లో, ఫోన్‌తో పాటు వచ్చిన పాత టోనే మోగుతుంది. మెమరీ కార్డులో ఉన్న ఫైలైతే, కార్డు తీసేసినప్పుడూ అంతే. “నా రింగ్‌టోన్ దానంతట అదే మారిపోయింది” అని రాసిన మరో ఇద్దరు పాఠకులు కూడా ముందుగా ఈ సంగతి చూసుకోవలసిందిగా కోరుతున్నాము.

ప్రశ్న: పాట మొత్తాన్నీ రింగ్‌టోన్‌గా పెట్టాను. ఫోన్ వచ్చిన కొన్ని క్షణాల వరకు ఏమీ వినిపించదు, వినిపించేసరికి అవతలివారు పెట్టేస్తున్నారు. పాటలో ఏ ముక్కను కత్తిరించుకోవాలి?

జవాబు: ఇది చాలామంది పట్టించుకోని విషయం. రింగ్‌టోన్ అనేది వినడానికి కాదు, పిలవడానికి. చాలా పాటలు మెల్లగా, దాదాపు నిశ్శబ్దంగా మొదలై క్రమంగా పుంజుకుంటాయి. కూర్చుని వినేటప్పుడు అదే అందం. కానీ ఫోన్ మోగేది సుమారు అర నిమిషం, ఆ తర్వాత పిలుపు తెగిపోతుంది. సంచిలో ఉన్న ఫోన్ మొదటి రెండు మూడు సెకన్లలోనే మీ చెవిని తాకకపోతే, దాన్ని వెతికి తీసే వ్యవధి మీకు మిగలదు.

అందువల్ల పాటలో పల్లవి ఎత్తుకునే చోటునో, ఒక వాద్యం ఒక్కసారిగా పలికే చోటునో ఆరంభంగా ఎంచుకోండి. అక్కడి నుంచి ఇరవై, ముప్పై సెకన్లు చాలు. ముక్క చివర కూడా ఒక వరుస పూర్తయ్యే చోట తెంచితే, అది మళ్ళీ మొదటి నుంచి మోగేటప్పుడు అతుకు వినిపించదు. కత్తిరించడానికి చాలా ఫోన్లలో రికార్డర్ యాప్‌లోనో, మ్యూజిక్ యాప్‌లోనో ట్రిమ్ అనే సదుపాయం ఉంటుంది. కంప్యూటర్ ఉన్నవారికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మరింత సౌకర్యంగా ఉంటుంది. ఆరంభంలోని నిశ్శబ్దాన్ని తీసేయడం, మరీ మెల్లగా ఉన్న ముక్క శబ్దాన్ని పెంచడం దానితో నిమిషాల పని. ముందుగా అసలు ఫైలుకు ఒక ప్రతి తీసి పెట్టుకుని, కత్తిరింపు ఆ ప్రతి మీదనే చేయండి.

ఫోన్ స్పీకర్ చాలా చిన్నదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. లోతైన డ్రమ్ము శబ్దాలను, బేస్ గిటార్‌ను అది సరిగా పలికించలేదు. హెడ్‌ఫోన్‌లో గుండెను తాకిన సంగీతం ఫోన్‌లో బలహీనంగా వినిపించడానికి కారణం అదే. ఎంచుకున్న ముక్కను హెడ్‌ఫోన్‌లో కాక, ఫోన్ స్పీకర్‌లోనే వినిపించి, పక్క గదిలోకి వెళ్ళి విని చూడండి. పాట ఎంత గొప్పదన్నది కాదు, ఎంత త్వరగా గుర్తుపట్టగలమన్నదే ఇక్కడ ముఖ్యం. నోకియా ఫోన్లలో ఏళ్ళ తరబడి మోగిన సుప్రసిద్ధమైన టోన్‌నే చూడండి. అది స్పెయిన్ దేశపు గిటార్ విద్వాంసుడు ఫ్రాన్సిస్కో టారెగా 1902లో కూర్చిన గ్రాన్ వాల్స్ అనే రచనలోని చిన్న తునక. మిగతా రచనను ఎన్నడూ వినని కోట్లాది మంది ఆ తునకను క్షణంలో గుర్తుపట్టేవారు.

ప్రశ్న: నాది ఐఫోన్. మా ఇంట్లో అందరూ ఆండ్రాయిడ్‌లో పాటలు పెట్టుకుంటున్నారు, నాకు మాత్రం కుదరడం లేదు. డబ్బు పెట్టి కొనడం తప్ప దారి లేదా?

జవాబు: ఉంది. మీ ఐఫోన్‌లో ఐఓఎస్ 26 గానీ, ఆ తర్వాతి వెర్షన్ గానీ ఉంటే పని ఇప్పుడు చాలా తేలిక. ముప్పై సెకన్లకు మించని ఎంపీత్రీ లేదా ఎం4ఏ ఫైలును ఫైల్స్ యాప్‌లో ఉంచుకుని, షేర్ గుర్తును నొక్కి, రింగ్‌టోన్‌గా వాడుకునే అంశాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. వాయిస్ మెమోస్‌లో మీరు రికార్డు చేసుకున్న వాటికీ ఇదే పద్ధతి.

పాత వెర్షన్ అయితే ఆపిల్ ఉచితంగా ఇచ్చే గ్యారేజ్‌బ్యాండ్ యాప్‌ను ఆశ్రయించాలి. అందులో కొత్త ప్రాజెక్టు తెరిచి, ఫైల్స్ నుంచి మీ ఆడియోను ట్రాక్‌లోకి తెచ్చుకుని, అక్కరలేని భాగాన్ని తగ్గించి, మై సాంగ్స్ పేజీకి వచ్చాక ఆ ప్రాజెక్టును వేలితో నొక్కి పట్టుకుంటే షేర్ అన్న మాట వస్తుంది. దాని కింద రింగ్‌టోన్‌ను ఎంచుకుని ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఇక్కడ తికమక పెట్టేది ఒకటుంది. కొత్త ప్రాజెక్టు నిడివి మొదట ఎనిమిది బార్లకే (బార్ అంటే కొన్ని తాళపు దెబ్బల నిడివి) పరిమితమై ఉండడం వల్ల, మీ పాట మధ్యలో తెగిపోయినట్టు కనిపిస్తుంది. పైనున్న కొలబద్ద కుడి చివరి కూడిక గుర్తును నొక్కి, సెక్షన్ నిడివిని ఆటోమేటిక్ అని మార్చుకుంటే ఆ ఇబ్బంది తొలగుతుంది. చందా మీద డౌన్‌లోడ్ చేసుకున్న ఆపిల్ మ్యూజిక్ పాటలు ఇక్కడ కూడా పనికిరావు. కారణం మొదటి ప్రశ్నకు చెప్పినదే.

ప్రశ్న: మా నాన్నగారి వయసు డెబ్బై దాటింది. ఎదురుగా కూర్చుని మాట్లాడితే బాగానే వింటారు గానీ, పక్కనే ఫోన్ మోగినా ఎత్తరు. శబ్దం పూర్తిగా పెంచే పెట్టాము. ఏం చేయమంటారు?

జవాబు: మీ నాన్నగారి ఉపేక్ష అని దయచేసి అనుకోవద్దు. వయసుతో వచ్చే వినికిడి లోపం మొదట సన్నని, కీచుగా ఉండే శబ్దాలను దూరం చేస్తుంది, మాటలోని మంద్రమైన శబ్దాలు అప్పటికీ బాగానే అందుతాయి. ఎదురుగా మాట్లాడేటప్పుడు పెదవుల కదలిక కూడా సాయపడుతుంది. ఫోన్‌తో వచ్చే టోన్లలో చాలావరకు గాజు గంటల్లాగా సన్నగా ఉంటాయి కాబట్టి, వాటిని ఎంత పెంచినా ఆయనకు అందకపోవచ్చు. మరోవైపు, మరీ లోతైన శబ్దాన్ని ఫోన్ స్పీకర్ పలికించలేదు. కాబట్టి ఆయనకు కావలసింది నడిమి స్థాయి శబ్దం: పాతకాలపు టెలిఫోన్ గంట, స్పష్టమైన గొంతుతో పాడిన పాట, లేదా మీరే “నాన్నగారూ, ఫోన్ వస్తోంది” అని పలికి రికార్డు చేసినది. ఈ చివరిదాన్ని మేము మనసారా సిఫారసు చేస్తున్నాము. పరిచయమైన గొంతును మనిషి సందడిలో కూడా తేలికగా పోల్చుకోగలడు. ఏకధాటిగా సాగే శబ్దం కన్నా ఆగి ఆగి మోగేది దృష్టిని త్వరగా లాగుతుంది, కనుక పలుకుకూ పలుకుకూ మధ్య ఒక సెకను విరామం ఉంచండి.

ఎంపిక ఆయన ముందే జరగాలి. నాలుగైదు టోన్లను ఒక్కొక్కటిగా వినిపించి, ఆయన వేరే గదిలో ఉండగా ఏది వినిపించిందో అడిగి తెలుసుకోండి. మన చెవికి బాగున్నది ఆయన చెవికి చేరకపోవచ్చు.

శబ్దం పెంచానన్నారు, అయితే పెంచినది ఏ శబ్దమో ఒకసారి చూడండి. పాటల శబ్దం, రింగ్ శబ్దం, అలారం శబ్దం వేర్వేరు. పక్క మీటను నొక్కినప్పుడు చాలా ఫోన్లలో మారేది పాటల శబ్దమే. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రింగ్ అన్న గీతను చివరిదాకా జరపాలి. కొన్ని ఫోన్లలో రింగ్ మెల్లగా మొదలై క్రమంగా పెరిగే ఏర్పాటు ఉంటుంది, దాన్ని తీసేయండి. ముఖం చూసి తెరుచుకునే ఐఫోన్లలో మరొక విశేషం ఉంది. ఫోన్ వైపు చూడగానే అది మోతను తానే తగ్గించేస్తుంది. ఫేస్ ఐడీ అండ్ పాస్‌కోడ్ విభాగంలో అటెన్షన్ అవేర్ ఫీచర్స్ అన్న దాన్ని ఆపితే ఇది ఆగుతుంది.

చెవికి తోడుగా కంటినీ వాడుకోవచ్చు. ఐఫోన్‌లోనూ, ఆండ్రాయిడ్ 14 నుంచి చాలా ఫోన్లలోనూ యాక్సెసిబిలిటీ విభాగంలో, ఫోన్ వచ్చినప్పుడు కెమెరా ఫ్లాష్ వెలిగే ఏర్పాటు ఉంది. దాన్ని ఆన్ చేసి, ఫోన్‌ను బోర్లించి బల్ల మీద ఉంచమని చెప్పండి. వీటన్నిటితో పాటు ఒకసారి వినికిడి పరీక్ష చేయించడం మేలు. ఫోన్ మోత అందకపోవడం ఆ లోపానికి తొలి సూచన కావచ్చు.

ప్రశ్న: ఒక్కొక్కరికి ఒక్కో రింగ్‌టోన్ పెట్టుకోవచ్చునట. నా ఫోన్‌లో కొందరికి ఆ అవకాశమే రావడం లేదు, ఎందుకని? వాట్సాప్ కాల్‌కు మాత్రం పెట్టిన టోన్ మోగడం లేదు.

జవాబు: అవకాశం రాని ఆ నంబర్లు బహుశా సిమ్ కార్డులో భద్రపరచినవై ఉంటాయి. సిమ్‌లో పేరు, నంబరు తప్ప పెద్దగా ఏమీ దాచే వీలుండదు. వాటిని ఫోన్‌లోకి గానీ, మీ ఈమెయిల్ ఖాతాలోకి గానీ మార్చుకోండి. ఆ తర్వాత కాంటాక్ట్స్‌లో ఆ పేరు తెరిచి, మూలనున్న మూడు చుక్కలను నొక్కితే రింగ్‌టోన్ పెట్టే అంశం వస్తుంది. కొన్ని ఫోన్లలోనూ, ఐఫోన్‌లోనూ అది ఎడిట్ పేజీలో ఉంటుంది.

వాట్సాప్ కాల్ మీ ఫోన్ నెట్‌వర్క్ ద్వారా కాక ఇంటర్నెట్ ద్వారా వచ్చే పిలుపు, దాని టోన్ కూడా విడిగానే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ సెట్టింగ్స్‌లోని నోటిఫికేషన్స్ పేజీలో కాల్స్ కింద దాన్ని మార్చుకోవచ్చు.

అందరికీ తలా ఒక టోన్ పెట్టాలన్న ఉత్సాహాన్ని మాత్రం కొంత అదుపులో ఉంచుకోమని మా సలహా. పదిహేను టోన్లుంటే ఏది ఎవరిదో గుర్తుండదు, పెట్టిన ప్రయోజనమే పోతుంది. ఇంటివారికి ఒకటి, పనికి సంబంధించిన వారికి ఒకటి, పేరు తెలియని నంబర్లన్నిటికీ మామూలుది ఒకటి ఉంటే, వంట చేస్తూనో బండి నడుపుతూనో ఫోన్ ముట్టుకోకుండానే నిర్ణయం తీసుకోవచ్చు. రెండు సిమ్‌లు వాడేవారు చాలా ఫోన్లలో సిమ్‌కు ఒక టోన్ చొప్పున కూడా పెట్టుకోవచ్చు.

ప్రశ్న: నేను పెట్టిన పాట నాకు ఫోన్ చేసేవారికి వినిపించడం లేదంటున్నారు. ఎందుకు?

జవాబు: అవతలివారికి వినిపించేది కాలర్ ట్యూన్. అది మీ ఫోన్‌లో ఉండదు, మీ నెట్‌వర్క్ సంస్థ దగ్గర ఉంటుంది, కొన్ని సంస్థలు దానికి రుసుము తీసుకుంటాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఏం మార్చినా అది మారదు.

ప్రశ్న: రింగ్‌టోన్ల యాప్ ఒకటి దింపుకుంటే, కాంటాక్ట్స్, మెసేజ్‌లు, లొకేషన్ అన్నీ చూడడానికి అనుమతి అడుగుతోంది. ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వవద్దు. టోన్‌ను మార్చడానికి యాప్‌కు సిస్టమ్ సెట్టింగ్స్ మార్చే అనుమతి, ఆడియో ఫైళ్ళను చూసే అనుమతి చాలు. ఒక్కొక్కరికి వేరే టోన్ పెట్టే యాప్ అయితే కాంటాక్ట్స్ అడగడంలో అర్థముంది. మెసేజ్‌లతో, లొకేషన్‌తో రింగ్‌టోన్‌కు ఏ సంబంధమూ లేదు. ఆ యాప్‌ను తీసేయండి.

ప్రశ్న: రాత్రిళ్ళు ఫోన్‌ను సైలెంట్‌లో పెడతాను. కానీ ఊళ్ళో ఉన్న అమ్మ ఫోన్ చేస్తే మాత్రం తప్పక మోగాలి. అది సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే, కాకపోతే సైలెంట్‌కు బదులు డూ నాట్ డిస్టర్బ్ వాడాలి. ఆండ్రాయిడ్‌లో మీ అమ్మగారి పేరుకు నక్షత్రం గుర్తు పెట్టి, డూ నాట్ డిస్టర్బ్ సెట్టింగ్స్‌లో నక్షత్రం ఉన్నవారి కాల్స్‌కు అనుమతి ఇవ్వండి. అక్కడే, పదిహేను నిమిషాల లోపు ఒకరే రెండోసారి పిలిస్తే మోగే ఏర్పాటు కూడా ఉంటుంది. ఆమె వేరొకరి ఫోన్ నుంచి చేయవలసి వస్తే అది ఆదుకుంటుంది. ఐఫోన్‌లో ఆ వ్యవధి మూడు నిమిషాలు. ఐఫోన్‌లో ఇంకా బలమైన మార్గం ఉంది. ఆమె కాంటాక్ట్‌ను ఎడిట్ చేసి రింగ్‌టోన్ పేజీలో ఎమర్జెన్సీ బైపాస్ ఆన్ చేస్తే, ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఆమె పిలుపు మోగుతుంది. ఆండ్రాయిడ్ వాడేవారు మాత్రం పడుకునే ముందు రింగ్ శబ్దం సున్నాలోనో, వైబ్రేషన్‌లోనో లేదని చూసుకోవాలి. డూ నాట్ డిస్టర్బ్ కాల్‌ను లోనికి రానిచ్చినా, శబ్దం తగ్గించి ఉంటే ఫోన్ మోగదు. అన్నీ పెట్టాక, మొదటి రాత్రే అమ్మగారి చేత ఒకసారి ఫోన్ చేయించి పరీక్షించండి.