రుథీనియం వెలుగు గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

రుథీనియం కాంప్లెక్సుల (ఆ లోహం చుట్టూ వేరే అణువులు అతుక్కున్న సమ్మేళనాల) మీద నీ వ్యాసం చదివాను. చాలా చదివి రాశావని తెలుస్తోంది. కానీ మొదటి పేరాలోనే సోలార్ సెల్స్, క్యాన్సర్, ఆక్సిజన్ సెన్సర్లు అన్నీ వరసపెట్టేశావు. అసలది ఎందుకు వెలుగుతుందో నాలుగో పేజీ దాకా చెప్పలేదు. అదే ముందు రావాలి. ఉపయోగాలన్నీ దానిలోంచి పుట్టినవే కదా.

ఒక్క ఎలక్ట్రాన్ వెంట నడువు. మధ్యలో రుథీనియం అయాన్, చుట్టూ మూడు బైపిరిడీన్ అణువులు. 450 నానోమీటర్ల దగ్గర నీలికాంతి పడగానే లోహం మీదున్న ఎలక్ట్రాన్ ఒకటి బైపిరిడీన్ మీదికి వెళ్తుంది. రుథీనియం బరువైన మూలకం కాబట్టి ఆ ఎలక్ట్రాన్ స్పిన్ (పైకో కిందికో ఉండే దాని అయస్కాంత లక్షణం) తేలిగ్గా తిరగబడుతుంది. ఇప్పుడు వెనక్కి రావాలంటే చిక్కు: పాత చోట ఉన్న జంట ఎలక్ట్రాన్ స్పిన్ కూడా అదే. ఒకే ఆర్బిటాల్‌లో, అంటే ఎలక్ట్రాన్లు ఉండే ఒకే గూటిలో, ఒకే స్పిన్‌తో రెండు ఇమడవు. అందుకే ఆక్సిజన్ తీసేసిన నీటిలో సుమారు 600 నానోసెకన్లు (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు) పైనే ఉండిపోయి, నారింజ ఎరుపు కాంతినిస్తూ దిగుతుంది. ఫ్లోరెసీన్ అనే మెరిసే రంగులో అయితే నాలుగు నానోసెకన్లలో దిగిపోతుంది.

ఈ ఆలస్యం పాఠకుడికి అర్థమైతే సగం పని అయిపోయినట్టే. ఆ వ్యవధిలో ఆక్సిజన్ అణువు తగిలితే శక్తిని లాక్కుంటుంది, వెలుగు తగ్గుతుంది. ఎంత తగ్గిందో కొలిస్తే ఆక్సిజన్ ఎంతుందో తెలుస్తుంది. సెన్సర్ అంటే ఇంతే.

1990లో అమెరికా రసాయన శాస్త్రవేత్త జాక్వెలిన్ బార్టన్ బృందం చేసిన ప్రయోగాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు, నాకు బాధేసింది. దానికి పేజీ ఇవ్వు. ఒక బైపిరిడీన్ తీసేసి డీపీపీజెడ్ అనే పొడవాటి లైగాండ్ (లోహానికి అతుక్కునే అణువు) పెట్టారు. నీళ్లలో అది దాదాపు వెలగదు. నీటి అణువులు దాని నైట్రోజన్లతో హైడ్రోజన్ బంధాలు కట్టి శక్తిని హరించేస్తాయి. డీఎన్ఏలో నిచ్చెన మెట్లలా ఉండే బేస్ జతల మధ్యకి దూరితే ఆ నైట్రోజన్లకు నీళ్లు అందవు. వెంటనే వెలుగుతుంది!

మనవాళ్లకి దగ్గరి ఉదాహరణ థైరాయిడ్ పరీక్ష. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని నడిపే హార్మోన్) రిపోర్టులో పద్ధతి దగ్గర ఈసీఎల్ఐఏ (కరెంటుతో వెలుగు పుట్టించి కొలిచే పరీక్ష) అని ఉంటే, ఆ లెక్క సాధారణంగా రుథీనియం వెలుగు చెప్పిందే. టీఎస్‌హెచ్‌ని పట్టుకునే యాంటీబాడీకి కాంప్లెక్స్ తగిలించి, ట్రైప్రొపైలమీన్ అనే రసాయనం కలిపి, ఎలక్ట్రోడ్ మీద కరెంటుతో వెలిగిస్తారు. ఇది నీ వ్యాసంలో అసలు లేదు, తప్పకుండా చేర్చు.

"క్యాన్సర్‌ని నయం చేస్తుంది" అన్న వాక్యం మాత్రం కొట్టెయ్. మూత్రాశయ క్యాన్సర్ మీద క్లినికల్ ట్రయల్స్ జరిపారు, అంతవరకే రాయి. జబ్బుతో ఉన్నవాళ్లు చదువుతారు. సోలార్ సెల్స్‌ని ఇందులో ఇరికించకు, వాటికి వేరే వ్యాసం కావాలి.

డీపీపీజెడ్ బొమ్మ నువ్వే చేత్తో గీసి, కొత్త ప్రతితో పాటు పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య