కీబోర్డూ మౌసూ ఒకేసారి ఆగిపోతే కొత్తవి కొనకండి

"కంప్యూటరు ఆన్‌లోనే ఉంది, కీబోర్డూ మౌసూ ఒక్కసారే ఆగిపోయాయి, కొత్త సెట్టు కొనాలా?" అని ఒకరు అడిగారు. కొనకండి. రెండూ ఒకే క్షణంలో పాడైపోవడం దాదాపు జరగని పని. రెండింటికీ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందో అక్కడ చూడండి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. జనసేవా కేంద్రం నడుపుతాను. నవంబరు వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్ కోసం పింఛనుదార్లు పొద్దున్నే బారులు తీరతారు. అలాంటి రోజునే ఓ రిటైర్డ్ మాస్టారు వేలిముద్ర మిషను మీద వేలు పెట్టగానే తెర మీద బాణం ఆగిపోయింది. "ఏటి బాబూ, నా వేలు గానీ అరిగిపోయిందేటి?" అని పాపం ఆయన బెంగపడిపోయారు. క్యాప్స్ లాక్ నొక్కాను, లైటు రాలేదు. తెర మూల గడియారంలో మాత్రం నిమిషం మారింది. అంటే విండోస్ బతికే ఉంది. బల్ల కింద చూస్తే కీబోర్డు, మౌసు, వేలిముద్ర మిషను, ఎవరో మర్చిపోయిన పెన్‌డ్రైవు, అన్నీ ఒక్క హబ్బుకే (ఒక యూఎస్‌బీ పోర్టును నాలుగైదు చేసే డబ్బా)! మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు. అడాప్టరు లేని హబ్బు దాన్నే అందరికీ పంచాలి. హబ్బు పీకేసి అన్నిటినీ కేబినెట్ వెనక పోర్టుల్లో విడివిడిగా పెట్టాను. మౌసు కింద ఎర్రలైటు వెలిగింది, మాస్టారి పనీ అయిపోయింది.

వెనకవే ఎందుకంటే అవి నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి. ముందువి లోపల సన్న వైరు మీద ఆధారపడతాయి, అది వదులైతే అంతే. వెనక పెట్టినా కదలకపోతే కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టండి. ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ కొట్టండి. బయోస్, అంటే విండోస్ కన్నా ముందొచ్చే సెట్టింగుల తెర, తెరుచుకుంటే కీబోర్డు బాగున్నట్టే, తేడా విండోస్‌లో ఉంది. కీబోర్డు గుండ్రటి ప్లగ్గున్న పాత రకమైతే కంప్యూటరు ఆపాకే గుచ్చాలి.

ఇదేదీ చూడకుండా "ఫార్మాట్ కొట్టాలి" అనే రిపేరు షాపులంటే నాకు ఒళ్లు మంట. పోయేది జనం ఫోటోలూ కాగితాలూ కదా! ఇంకోటి, మా వైపు చాలా ఇళ్లలో ఎర్తింగే ఉండదు. ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టి రెండు కన్నాల సాకెట్లో గుచ్చేస్తారు. కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? అయితే ముందు ఎలక్ట్రీషియన్ని పిలవండి, కీబోర్డు సంగతి తర్వాత చూసుకోవచ్చు.