వాటంతట అవే వచ్చే బొమ్మలు

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. మార్కులు బాగానే వచ్చాయి, కానీ ఇంజినీరింగ్‌లో చేరనంటోంది. రాత్రి అందరూ పడుకున్నాక కూర్చుని బొమ్మలు వేస్తుంది. ఫిజిక్స్ రికార్డు వెనుక పేజీల నిండా తలుపులు, దిగుడుబావి మెట్లు, నీళ్ళ మీద తేలే కుర్చీలు, ముఖం లేని మనుషులు. ఇవేమిటమ్మా అంటే ‘నాకూ తెలియదు నాన్నా, వాటంతట అవే వస్తాయి’ అంటుంది. మా బావగారు మానసిక వైద్యుడికి చూపించమంటున్నారు. ఇలాంటి బొమ్మలతో బతుకుతెరువు ఉంటుందా? ఏ కోర్సులో చేర్పించాలి?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ముందు మీ బావగారి మాట తేల్చేద్దాం. బొమ్మలో చీకటి ఉంటే అది జబ్బు కాదు. నిద్ర బొత్తిగా పోవడం, తిండి మానేయడం, స్నేహితులను వదిలేసి గదిలోనే ఉండిపోవడం, చావు గురించి మాట్లాడటం లాంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. ఆ సూత్రం బొమ్మలు వేసే పిల్లకూ, వేయని పిల్లకూ ఒకటే. మీ ఉత్తరంలో అలాంటి సూచనలేవీ లేవు. రాత్రి మేలుకోవడం ఒక్కటే ఉంది. ఆ మాటకొస్తే ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షకు చదివే పిల్లలూ మేలుకుంటారు, వారిని ఎవరూ వైద్యుడి దగ్గరకు పంపరు.

మీ అమ్మాయి చేస్తున్నది కొత్త పని కాదు. చిన్నప్పుడు పెచ్చులూడిన గోడ మీద చెమ్మ మరకల్లో ఏనుగునో, గడ్డం తాతనో చూడనివారు ఉండరు. రూపాయి బిళ్ళ మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే బొమ్మ పైకి తేలడం కూడా అందరం చేసిన ఆటే. 1925లో మాక్స్ ఎర్నెస్ట్ అనే జర్మన్ చిత్రకారుడు ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున ఒక సత్రంలో దిగాడు. గదిలో అరిగిపోయిన చెక్కనేల మీద కాగితాలు పరిచి రుద్దాడు. చెక్క చారల్లోంచి అడవులు, పక్షులు, పేరులేని జంతువులు బయటపడ్డాయి. అంతకు ముందు ఏడాదే పారిస్‌లో ఆంద్రె బ్రెటన్ అనే కవి సర్రియలిజం (అధివాస్తవికత) అనే కళోద్యమానికి ప్రణాళిక ప్రకటించాడు. బ్రెటన్ ఒకప్పుడు వైద్యవిద్యార్థి. మొదటి ప్రపంచయుద్ధంలో మనసు చెదిరిన సైనికుల మధ్య పనిచేశాడు. తర్కం అదుపు లేకుండా మనసు లోపలినుంచి వచ్చేదాన్ని వచ్చినట్టే కాగితం మీద పెట్టాలన్నది ఆ బృందం పట్టుదల. ఆ బృందంలోని చిత్రకారుడు ఆంద్రె మాసన్ అయితే ఏమి గీస్తున్నాడో అనుకోకుండానే కలాన్ని కాగితం మీద పరిగెత్తించేవాడు. చేయి ఆగాక, ఆ గీతల చిక్కులోంచి చేపనో, చేతినో పోల్చుకునేవాడు.

కాబట్టి ‘వాటంతట అవే వస్తాయి’ అన్న మాట సాకు కాదు. కానీ ఒక పరీక్ష ఉంది. నా దగ్గరకు వచ్చే పిల్లలు బొమ్మల కట్టలు తెస్తారు. చాలా కట్టల్లో ఒకే కన్ను, ఆ కంటినుంచి కారే ఒకే చుక్క, సగం ముఖం చెట్టయిన అమ్మాయి, పైన నెలవంక. ఇవి లోపలినుంచి వచ్చినవి కావు, ఫోనులోంచి వచ్చినవి. తప్పేమీ లేదు, అందరూ అక్కడే మొదలుపెడతారు. కానీ దాన్ని అంతరంగం అని పిలవకూడదు. మీరు చెప్పిన దిగుడుబావి, నీళ్ళ మీది కుర్చీ నాకు వేరుగా వినిపించాయి. ఆ కుర్చీ మీ ఇంట్లో ఉన్న కుర్చీయేనా? ఒకసారి చూడండి. అడగవద్దు, చూడండి చాలు. ఒకే వస్తువు నెలల తరబడి తిరిగి తిరిగి వస్తూ, ప్రతిసారీ కాస్త మారుతూ ఉంటే, అక్కడ నిజంగా ఏదో ఉంది.

ఇక ‘వాటంతట అవే వస్తే మళ్ళీ చదువెందుకు, టాగోర్ ఎక్కడ నేర్చుకున్నాడు’ అని మీ అమ్మాయే మిమ్మల్ని అడగవచ్చు. రవీంద్రనాథ్ టాగోర్ నిజంగానే చిత్రకళ చదవలేదు. వ్రాతప్రతిలో కొట్టివేసిన మాటలను అలా వదిలేయలేక, ఆ కొట్టివేతలను ఒకదానితో ఒకటి గీతలతో కలుపుతూ పోతే వింత పక్షులు, ముక్కులు, ముసుగులు పుట్టాయి. డెబ్బయ్యో పడికి చేరువవుతుండగా, 1930లో పారిస్‌లో మొదటి ప్రదర్శన పెట్టారు. మొత్తం మీద 2,000కు పైగా బొమ్మలు వేశారు. కానీ ఆ చేతిలో అప్పటికే యాభై ఏళ్ళ రాత, లయ ఉన్నాయి. పైగా ఆ బొమ్మలు అమ్ముకుని ఇల్లు గడపాల్సిన అవసరం ఆయనకు లేదు. పద్దెనిమిదేళ్ళ అమ్మాయికి ఈ రెండూ లేవు.

ఆమెకు దగ్గరగా ఉన్న ఉదాహరణ హిల్మా ఆఫ్ క్లింట్. స్వీడన్ చిత్రకారిణి. స్టాక్‌హోమ్ రాయల్ అకాడమీలో 1882 నుంచి 1887 దాకా పద్ధతిగా చదివారు. ప్రకృతి దృశ్యాలు, మనుషుల రూపచిత్రాలు, మొక్కల బొమ్మలు వేసి బతికారు. 1900 ప్రాంతంలో పశువైద్య సంస్థకు కూడా బొమ్మలు గీశారు. తనకు కనిపించని శక్తులేవో చేయి పట్టి వేయిస్తున్నాయని నమ్మి 1906 నుంచి 1915 వరకు వేసిన 193 చిత్రాలు ఆ జీతపు పనికి పక్కన, దాదాపు రహస్యంగా సాగాయి. తాను పోయాక ఇరవై ఏళ్ళ వరకు వాటిని ఎవరికీ చూపవద్దని కోరారు. 1944లో మరణించారు. 2018లో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఆమె ప్రదర్శన తెరిస్తే ఆరు లక్షల మందికి పైగా వచ్చారు. శక్తులు, ఆత్మల సంగతి నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను చూసేది ఒకటే: పిలవకుండా వచ్చిన ఆ ఆకారాలను మనిషి ఎత్తును మించిన చిత్రాలుగా నిలబెట్టగలిగింది మొక్క ఈనెను తప్పు లేకుండా గీయడం నేర్చిన చేయి.

అందుకే నా సలహా బీఎఫ్‌ఏ, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్. నాలుగేళ్ళు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, కడపలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ చూడండి. బయటికి పంపగలిగితే బరోడా ఎంఎస్ యూనివర్సిటీ, శాంతినికేతన్ కళాభవన్. ఎంపీసీ చదివినా అడ్డంకి లేదు. అయితే ప్రవేశ పరీక్షల్లో సాధారణంగా ఎదురుగా కూజానో, గుడ్డనో పెట్టి చూసి గీయమంటారు. లేదా బస్టాండు, సంత లాంటి దృశ్యాన్ని జ్ఞాపకం నుంచి వేయమంటారు. ముఖం లేని మనుషులనే వేసిన పిల్ల అక్కడ ముఖం వేయలేక దెబ్బతింటుంది. ఈ రోజు నుంచే పగలు ఒక గంట వంటింటి గిన్నెలు, మీ చెప్పులు, పెరట్లో అరటాకు చూసి గీయమనండి. రాత్రి బొమ్మలు రాత్రివే. వాటి జోలికి వెళ్ళవద్దు.

‘గణితం ఎలాగూ వచ్చు కదా, బీఆర్క్‌లో చేరిస్తే రెండూ కలిసొస్తాయి’ అని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. కలిసి రావు. ఆర్కిటెక్చర్ మరో వృత్తి. భవనాల మీద ఇష్టం లేనివారికి ఐదేళ్ళు చాలా పొడవు. డిజైన్ కోర్సులు మంచివే, కానీ అక్కడ ఇతరుల అవసరం తీర్చడం నేర్పుతారు. మీ అమ్మాయి తనకే తెలియని ప్రశ్న వెంట పోతోంది.

చేరాక ఏ విభాగం అంటే, పెయింటింగ్ అని అందరూ అంటారు. నేను ప్రింట్‌మేకింగ్ వైపు, అంటే పలక మీద బొమ్మ చేసి కాగితం మీద అచ్చు తీసే కళ వైపు, ఒకసారి తొంగిచూడమంటాను. అందులో ఒక పద్ధతి ఎచింగ్. జింకు పలక మీద మైనంలాంటి పూత వేసి సూదితో గీస్తారు. ఆమ్లంలో పెడితే గీత పడిన చోటల్లా లోహాన్ని తినేస్తుంది. సిరా పట్టించి, తుడిచి, తడి కాగితం వేసి ప్రెస్‌లో నొక్కుతారు. కాగితం పైకెత్తేదాకా ఏమి వచ్చిందో గీసినవారికే తెలియదు. అదీ కుడి ఎడమలు తారుమారై వస్తుంది. ఆమ్లం కొంచెం ఎక్కువ తింటే తలుపు సందులో మీరు పెట్టని చీకటి చేరుతుంది. అనుకోనిదానికి చోటిస్తూనే చేతిని క్రమశిక్షణలో పెట్టే పని ఇంతకంటే లేదు. మన చిత్రకారుడు లక్ష్మా గౌడ్‌నే చూడండి. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్‌లో, ఆపైన బరోడాలో చదివారు. ఆయన ఎచింగుల్లో పల్లె మనుషులు, మేకలు, చెట్లు ఒకదానిలోకి ఒకటి కరిగిపోతూ పగటికల లాంటి లోకం కనిపిస్తుంది. ఆ కల పారిస్ నుంచి రాలేదు, సొంత ఊరినుంచి వచ్చింది.

బతుకుతెరువు దగ్గర దాపరికం లేకుండా చెబుతాను. ఇలాంటి బొమ్మలు మొదటి పదేళ్ళు ఇల్లు గడపవు. గ్యాలరీలో అమ్ముడైనా ధరలో మూడో వంతు నుంచి సగం దాకా వారే ఉంచుకోవచ్చు. చట్రం ఖర్చు మనది. అసలు సమస్య డబ్బు చాలకపోవడం కూడా కాదు. అమ్ముడుపోయిన తలుపునే మళ్ళీ మళ్ళీ వేయమంటారు. వేస్తే, ఇక అది వాటంతట అవే వచ్చే బొమ్మ కాదు. కోల్‌కతా చిత్రకారుడు గణేశ్ పైన్ అస్థిపంజరాలు, దీపాలు, మసక వెలుతురుతో మన దేశంలోనే అత్యంత నిగూఢమైన చిత్రాలు వేసినవారు. కాలేజీ అయ్యాక చాలా కాలం యానిమేషన్ స్టూడియోలో బొమ్మలు గీసి బతికారు. మీ అమ్మాయికి కూడా అలాంటి రెండో పని ఉండాలి: పిల్లల పుస్తకాలకు బొమ్మలు, యానిమేషన్, గేమ్ స్టూడియోల్లో కాన్సెప్ట్ ఆర్ట్ (పాత్రలు, దృశ్యాల తొలి ఊహాచిత్రాలు), స్టోరీబోర్డు (సన్నివేశాల బొమ్మల వరుస), పుస్తకాల ముఖచిత్రాలు. స్థిరమైన జీతం కావాలంటే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) చేస్తే డ్రాయింగ్ టీచరుగా దారి ఉంటుంది. ఇది చిన్న పని అనుకోకండి. సాయంత్రం నాలుగున్నరకు ఇంటికి చేరే ఉద్యోగం చిత్రకారులకు వరం.

కృత్రిమ మేధ సంగతి మీరు అడగలేదు, అయినా అందరూ అడుగుతున్నారు. కలలాంటి బొమ్మ కావాలంటే ఇప్పుడు ఫోను క్షణంలో ఇస్తుంది. పైపై మర్మం అమ్ముకునేవారికి గడ్డుకాలమే. మీ అమ్మాయి దిగుడుబావిలో ఎన్ని మెట్లున్నాయో ఫోనుకు తెలియదు.

ఇంట్లో మీరు చేయాల్సినవి చిన్నవి. మందపాటి తెల్ల కాగితాలతో కుట్టిన పుస్తకం ఒకటి కొనివ్వండి. ప్రతి బొమ్మ కింద తేదీ వేయమనండి. దానికి అర్థమేమిటని అడగకండి, చుట్టాల ముందు తెరిచి చూపించకండి. నిద్ర మాత్రం పన్నెండుకు అని గట్టిగా చెప్పవచ్చు, ఆ హక్కు మీకుంది. ఆ ఫిజిక్స్ రికార్డును పాత కాగితాల వాడికి వేసేయకండి. పోర్ట్‌ఫోలియో (వేసిన బొమ్మల సంపుటి) అడిగిన చోట పగలు గీసిన గిన్నెలతో పాటు దాన్నీ బల్ల మీద పెట్టమనండి.