కండె తంతువులా, కండర తంతువులా?

ప్రశ్న: హైస్కూలు పిల్లలకు కణవిభజన పాఠం చెబుతున్నాను. పుస్తకంలో స్పిండిల్ ఫైబర్స్‌కు 'కండె తంతువులు' అని ఉంది. సగం మంది పరీక్షలో 'కండర తంతువులు' అని రాశారు. స్పిండిల్ అంటే కదురు కదా, అసలు కండె అనడమే తప్పంటున్నారు మా తోటి మాస్టారు. ఏది సరైనది?
– ఒక ఉపాధ్యాయిని

సమాధానం: అమ్మా, 'కండర తంతువులు' అని రాసినవారికి మార్కు ఇవ్వకండి, అలాగని కోప్పడకండి కూడా. కండెను కళ్లారా చూసిన పిల్లలు ఇప్పుడెందరు? పోచంపల్లిలోనో మంగళగిరిలోనో మగ్గమున్న ఇంటి పిల్లనడిగితే ఠకీమని చెబుతుంది. పేక నూలును రాట్నం మీద చుట్టి చేసేది కండె. దాన్ని నాడెలో పెడితే, నాడె పడుగు దారాల నడుమ అటూ ఇటూ పరుగులు తీస్తుంది. కండెలు చుట్టడం నేత ఇళ్లలో రోజూ ఉండే పని. ఇంత చక్కని మాట చేతిలో ఉండగా 'స్పిండిల్ ఫైబర్స్ ఫామ్ అవుతాయి' అని యూట్యూబులో పాఠాలు చెప్పేవారిని ఏమనాలో నాకు తోచదు. మొక్కజొన్న కండె సంగతి వేరు, దాన్నిక్కడికి లాగొద్దు.

మీ మాస్టారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. స్పిండిల్‌కు నేరుగా అర్థం చెప్పమంటే కదురే. అయితే కదురు రాట్నానికుండే సన్నటి ఇనుప చువ్వ. నూలు చుట్టుకున్నాకే నడుమ లావై, కొసలు సన్నగిల్లిన రూపం వస్తుంది. కణంలో కనిపించేది ఆ రూపమే. రెండు ధ్రువాల నుంచి బయలుదేరిన పోగులు నడుమ విప్పారి ఉంటాయి. మధ్యస్థ దశలో క్రోమోజోములు ఆ నడుమనే వరుసకడతాయి. పోగులు వాటిని సెంట్రోమియర్ అనే అతుకు దగ్గర పట్టుకుంటాయి. ఆ తర్వాతి చలన దశలో పొట్టివవుతూ, ఒక్కో క్రోమోజోములో జంటగా ఉన్న క్రోమాటిడ్లనే రెండు నకళ్లను విడదీసి చెరో ధ్రువానికీ లాగుతాయి. విభజనకు ముందుండే అంతర్దశలోనే డీఎన్ఏ రెట్టింపై ఉంటుంది కాబట్టి, 46 క్రోమోజోములున్న మనిషి కణం నుంచి రెండు పిల్ల కణాలకూ మళ్లీ 46 చొప్పున దక్కుతాయి. ఈ పోగులు నిజానికి ట్యూబులిన్ అనే ప్రోటీనుతో కట్టిన గొట్టాలు, దేనిమీదా చుట్టినవి కావు. అంచేత కండెతో పోలిక ఆకారం వరకే. నా ఓటు కండెకే. 'కదురు తంతువులు' అని రాసినవాడికి సున్నా వేయడానికి మాత్రం నాకు చేయి రాదు.

అసలు ఈ పాఠమంతా దారాల గొడవే. వాల్టర్ ఫ్లెమింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త సాలమాండర్ అనే బల్లిలాంటి ఉభయచర జీవి లార్వాల కణాలకు రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూశాడు. కేంద్రకంలో దారాల్లాంటివి తేలడం, అవి నిలువునా చీలి రెండు వైపులకూ పోవడం గమనించాడు. 1882లో ఈ విభజనకు మైటోసిస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో మితోస్ అంటే పోగు! ఆ పోగులకు క్రోమోజోములన్న పేరు 1888లో గానీ రాలేదు, అది వాల్డేయర్ అనే మరో జర్మన్ శాస్త్రవేత్త పెట్టింది. ఫ్లెమింగ్ తన కంటికి కనబడ్డదాన్నే పేరు చేశాడు. మనవాళ్లు ఫలితాన్ని పట్టుకుని 'సమవిభజన' అన్నారు, దారం జారిపోయింది. పైగా 'సమ' అనగానే కణాన్ని సరిగ్గా సగానికి కోసినట్టు అనుకుంటారు పిల్లలు. సమంగా పంచేది క్రోమోజోములను. ఈస్టు మొగ్గ తొడిగినప్పుడు పిల్ల కణం తల్లి కణం కన్నా చిన్నదే, అయినా అది సమవిభజనే. కణద్రవ్యం పంచుకోవడం ఆ తర్వాతి పని, దానికి వేరే పేరుంది. నన్నడిగితే 'పోగు విభజన' అని ఉండేవాణ్ని. ఎవరూ అడగలేదు, ఇప్పుడు మార్చమనడమూ న్యాయం కాదు.

'కండె' తెలుగు, 'తంతువు' సంస్కృతం, రెండూ అతకవచ్చా అని రేపు ఇంకెవరో ఉత్తరం రాస్తారు. మిశ్రమ సమాసాలు మనకు కొత్తా? మీరు బోర్డు మీద 'కండె పోగులు' అని రాసి, ఒక కండె తెప్పించి చూపించినా పాఠానికి లోటేమీ రాదు. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయించండి.