చిల్లర్ల నుంచి హీట్ పంపులకు మారాలంటే బ్రిటన్‌లో ఏ ట్రైనింగ్ తీసుకోవాలి?

హైదరాబాద్‌లో ఆరేళ్లుగా చిల్లర్ ప్లాంట్ల (పెద్ద బిల్డింగుల ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రాల) డిజైన్ చేస్తున్నానని, మీ ఆవిడకు నర్సు ఉద్యోగం రావడంతో బర్మింగ్‌హామ్ వస్తున్నామని రాశారు. ఇళ్ల హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని కరెంటుతో లాగి ఇంటికిచ్చే యంత్రం) డిజైన్‌లోకి మారడానికి మళ్ళీ ఎమ్మెస్ చేయాలా, చిన్న కోర్సు చాలా అన్నది మీ ప్రశ్న. ఎమ్మెస్ అక్కర్లేదండి. నేనూ మాదాపూర్‌లో ఆఫీసు బిల్డింగుల ఏసీ పని చేసి ఇక్కడికి వచ్చినవాడినే.

ముందు ఒక ధైర్యం చెప్తాను. ఇక్కడ హీటింగ్ అంటే చాలా ఇళ్లలో నీళ్లు కాచే గ్యాస్ బాయిలర్, ఆ వేడినీళ్లు తిరిగి గదిని వెచ్చబరిచే రేడియేటర్లు గోడకు. బాయిలర్ లెక్కల్లో వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ తేడా 20 డిగ్రీలు పెట్టుకుంటారు. హీట్ పంప్‌కి 5 డిగ్రీలే. 6 కిలోవాట్ల వేడి కావలసిన ఇంటికి బాయిలర్‌తో నిమిషానికి నాలుగున్నర లీటర్ల లోపు నీళ్లు తిరిగితే సరిపోతుంది, హీట్ పంప్‌కి 17 లీటర్లు కావాలి. ఏళ్ల తరబడి బాయిలర్లు బిగించినవాళ్లకు ఈ మార్పు మింగుడు పడదు. మీరు 7 డిగ్రీలకి పంపి 12కి తీసుకునే చిల్డ్ వాటర్‌తోనే బతికారు, అక్కడా తేడా 5 డిగ్రీలే. టన్నుకు 2.4 జీపీఎం (నిమిషానికి గ్యాలన్లు) అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. పైపు సైజు, పంపు హెడ్, బ్యాలెన్సింగ్ మీకు కొత్త కాదు.

మానుకోవాల్సింది ఒకటుంది. మన దగ్గర "ఒక టన్ను ఎక్కువే పెడదాం, సేఫ్" అంటాం కదా, ఇక్కడ అది ఇంటివాళ్ల బిల్లు మీద పడుతుంది. చలికాలంలో ఎక్కువ రోజులు బయట ఐదు నుంచి పది డిగ్రీలు ఉంటుంది. పెద్ద మిషన్ అంత తక్కువ లోడుకు దిగలేక మాటిమాటికీ ఆగి మొదలవుతుంది.

సర్టిఫికెట్ల సంగతి. ఎంసీఎస్ అనే సర్టిఫికెట్ పేరు ప్రతి ఉద్యోగ ప్రకటనలోనూ కనిపిస్తుంది. అది మనిషికి ఇచ్చేది కాదు, కంపెనీకి ఇచ్చేది. ఇంగ్లండ్, వేల్స్‌లో హీట్ పంప్ పెట్టుకునే ఇంటివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే 7,500 పౌండ్ల గ్రాంటు (2023 అక్టోబరు నుంచి ఆ మొత్తం) రావాలంటే పని ఎంసీఎస్ ఉన్న కంపెనీయే చేయాలి. ఆ కంపెనీకి డిజైన్ తెలిసిన మనిషి కావాలి, మీ చోటు అక్కడ. ఇన్‌స్టలేషన్ కోర్సుకు సాధారణంగా ప్లంబింగ్ లేదా హీటింగ్ అర్హత అడుగుతారు కాబట్టి, మీరు తక్కువ ఉష్ణోగ్రత హీటింగ్, వేడినీళ్ల సిస్టమ్‌ల డిజైన్ మీద ఉండే లెవెల్ 3 కోర్సు చూడండి. కొద్ది రోజుల్లో అయిపోతుంది. మోనోబ్లాక్ మిషన్లలో (అన్నీ బయటి పెట్టెలోనే ఉండే రకం) రిఫ్రిజరెంట్ గ్యాస్ ఫ్యాక్టరీలోనే సీల్ చేసి వస్తుంది, ఇంట్లోకి వచ్చేవి నీళ్ల పైపులే. అందుకని రిఫ్రిజరెంట్ లైసెన్సు గురించి ఇప్పుడే టెన్షన్ పడకండి.

కోర్సులో నాకు కళ్ళు తెరిపించింది ఒక బెడ్‌రూమ్ లెక్క. పన్నెండు చదరపు మీటర్ల గది, తొమ్మిది అంగుళాల పాత ఇటుక గోడ, లోపల 18, బయట మైనస్ 3. గోడ నుంచి 340 వాట్లు, కిటికీ నుంచి 90, సందుల్లోంచి వచ్చే గాలికి 200. మొత్తం 630 వాట్లు పోతోంది. రేడియేటర్ కేటలాగులో 1,200 వాట్లు అని ఉంది, ఇంకేం అనుకున్నాను. ఆ అంకె రేడియేటర్ సగటున 70 డిగ్రీల్లో, గది 20లో ఉన్నప్పటిది. హీట్ పంప్ నుంచి 45కి వెళ్లి 40కి వచ్చే నీళ్లతో అదే రేడియేటర్ 475 వాట్లే ఇస్తుంది. అంటే ఆ గదికి కేటలాగులో దాదాపు 1,600 ఉన్నది కావాలి. నీళ్లు 55కి పెంచితే పాతది సరిపోతుంది కానీ కరెంటు ఎక్కువ కాలుతుంది. డిజైన్ అంటే గది గదికీ ఈ బేరమే. 2022 జూన్ నుంచి ఇంగ్లండ్‌లో పూర్తిగా కొత్తగా వేసే సిస్టమ్‌కి 55 దాటకూడదని రూలు కూడా ఉంది.

ఏ కోర్సులోనూ నేర్పనిది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. కోర్సు అయిన కొత్తలో ఒక పాత ఇంటికి సర్వేకి వెళ్ళి, రేడియేటర్ కింద కనపడే 15 మిల్లీమీటర్ల పైపు చూసి అదే రాసుకున్నాను. జనవరిలో ఆ ఇంటి పెద్దావిడ ఫోన్ చేసి, ముందు గది 17 దాటడం లేదు బాబూ, దుప్పటి కప్పుకుని టీవీ చూస్తున్నాను అన్నారు. వెళ్ళి చెక్క పలక ఎత్తితే, నేల కింద 10 మిల్లీమీటర్ల పైపు! ఆ గదికి కిలోవాటున్నర కావాలి, అంటే నిమిషానికి నాలుగు లీటర్ల పైన. అంత సన్నని దాంట్లోంచి పంపు తోయలేకపోయింది. పైపు మార్చాక మూడో రోజుకి గది 21కి వచ్చింది. ఆవిడ చలిలో గడిపిన ఆ రెండు వారాలు నాకింకా గుర్తే. అప్పటినుంచి పలక ఎత్తి చూడకుండా ఏ ఇంటి డిజైన్ మీదా సంతకం పెట్టను.

బయల్దేరేలోపు ఈఎన్ 12831 అనే యూరప్ ప్రమాణం పద్ధతిలో హీట్ లాస్ (ఇంటి నుంచి పోయే వేడి) లెక్క చేతితో రెండు మూడుసార్లు చేయండి, సాఫ్ట్‌వేర్ తర్వాత. హీట్‌పంప్‌మానిటర్ డాట్ ఆర్గ్‌లో నిజమైన ఇళ్ల హీట్ పంపులు ఎంత కరెంటుకు ఎంత వేడి ఇస్తున్నాయో ఉచితంగా కనిపిస్తుంది. మంచి నంబర్లు వచ్చిన ఇళ్లలో ఫ్లో టెంపరేచర్ (మిషన్ నుంచి వెళ్లే నీటి వేడి) ఎంతుందో గమనించండి. ఇక్కడ దిగాక మీ అద్దె ఇంటినే టేపుతో కొలిచి, గది గదికీ షీట్ తయారు చేయండి. నేను ఇంటర్వ్యూకి తీసుకెళ్ళింది అలాంటి షీటే, అరగంట దాని మీదే మాట్లాడారు. మీది తయారయ్యాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.