లిటరేట్ ప్రోగ్రామింగ్‌కి లియో లాంటి ఔట్‌లైన్ ఎడిటర్ పనికొస్తుందా?

"లియో నేర్చుకోవాలా, మామూలు ఎడిటర్‌లో కామెంట్లు బాగా రాసుకుంటే సరిపోదా?" అని ఒకరు అడిగారు. లియో అంటే కోడ్‌ని శీర్షికల కింద చెట్టులా అమర్చి చూపించే ఎడిటర్. లిటరేట్ ప్రోగ్రామింగ్ అంటే మనిషి చదివి అర్థం చేసుకునేలా వివరణతో కలిపి కోడ్ రాయడం. నా జవాబు: నేర్చుకోండి. కాకపోతే కొత్త ప్రాజెక్టుతో మొదలుపెట్టకండి. ఎవరో రాసి ఉద్యోగం మారిపోయిన, చూస్తేనే టెన్షన్ వచ్చే పాత ఫైల్ ఒకటి మీ దగ్గర ఉంటుంది కదా, దాన్ని లియోలో తెరవండి. దాని సత్తా అక్కడ తెలుస్తుంది.

నాకు దొరికిన ఫైల్ జీతాల లెక్కది. హైదరాబాద్‌లో ఒక కంపెనీకి మేం నడిపే పైథాన్ ప్రోగ్రామ్. పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), ప్రొఫెషనల్ ట్యాక్స్, అన్నీ ఒకే ఫైల్లో కుక్కి ఉన్నాయి. లియోలోకి ఇంపోర్ట్ చేస్తే క్లాసులు, ఫంక్షన్లు విడివిడి నోడ్లయి చెట్టులా పరుచుకున్నాయి. ప్రతి నోడ్‌కీ పైన ఒక శీర్షిక, లోపల కోడ్. అప్పటికి "బాగానే ఉంది, వీఎస్ కోడ్ ఎడిటర్ కూడా పక్కన ఇలాంటి జాబితా చూపిస్తుంది కదా" అనుకున్నాను. తేడా ఆగస్టు జీతాలప్పుడు తెలిసింది.

ఒక ఉద్యోగికి ఆగస్టు నుంచి జీతం 22,500 అయింది. ఈఎస్ఐకి నెల జీతం పరిమితి 21,000. అయినా ఆగస్టులో 169 రూపాయలు కోత పడింది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి కోడ్ చూసి, "అన్నా, ఇది బగ్. పరిమితి దాటితే కోత ఉండకూడదు కదా, ఈ కండిషన్ తీసేద్దాం" అంది. ఆ కండిషన్ చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. నెల 4 గానీ 10 గానీ అయితేనే అర్హత మళ్లీ లెక్కకట్టాలి, లేకపోతే పాతదే ఉంచాలి. దాని మీద ఉన్న కామెంట్ ఒక్కటే: "ముట్టుకోవద్దు".

లియోలో ఒక ఆదేశం ఉంది. ఒక పదం ఇస్తే అది ఉన్న నోడ్లన్నిటినీ క్లోన్లుగా తెచ్చి ఒకచోట పెడుతుంది. క్లోన్ అంటే కాపీ కాదు, అదే నోడ్ రెండో చోట కూడా కనబడటం. ఇక్కడ మారిస్తే అక్కడా మారుతుంది. ఈఎస్ఐ అని వెతికితే మూడు ముఖ్యమైన చోట్లు బయటపడ్డాయి. ఒకటి అర్హత చూసేది, ఒకటి కోత లెక్కకట్టేది, మూడోది చలానా కోసం అప్‌లోడ్ చేసే ఫైల్ తయారుచేసేది. అసలు ఫైల్లో ఇవి ఒకదానికొకటి చాలా దూరంగా ఉన్నాయి. నేను వాటి పైన ఒక మామూలు నోడ్ పెట్టి తెలుగులోనే రాశాను: ఈఎస్ఐకి ఏడాదిలో రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా, అక్టోబర్ నుంచి మార్చి దాకా. పీరియడ్ మొదట్లో పరిధిలో ఉన్నవాళ్లకు మధ్యలో జీతం పరిమితి దాటినా ఆ పీరియడ్ అయ్యేదాకా కోత తప్పదు, అదీ మొత్తం జీతం మీద. ఉద్యోగి వాటా 22,500లో 0.75 శాతం, అంటే 168.75. ఈఎస్ఐలో పైసలుంటే పై రూపాయికి పెంచాలి కాబట్టి 169. పీఎఫ్‌లో అలా కాదు, దగ్గరి రూపాయికి సవరిస్తారు. అందుకే కోడ్‌లో రెండు రకాల రౌండింగ్ ఉంది.

ఇదంతా రాశాక మూడు క్లోన్లనూ వరసగా చదివాం. కోత సరిగ్గానే ఉంది. తప్పు మూడోదాంట్లో ఉంది! చలానా ఫైల్ తయారుచేసే ఫంక్షన్ పాత అర్హతను పట్టించుకోకుండా ఆ నెల జీతాన్ని నేరుగా 21,000తో పోలుస్తోంది. అంటే జీతంలో డబ్బు కోస్తున్నాం, చలానాలో ఆ మనిషి పేరు లేదు. యజమాని వాటా 3.25 శాతం, అంటే 732 రూపాయలు కూడా వెళ్లట్లేదు. రేపు ఆ మనిషి ఆస్పత్రికి వెళ్తే? తర్వాతి నెల 15లోగా కట్టాలి కాబట్టి టైముంది, సరిచేశాం. మూడూ ఒకే తెరమీద లేకపోతే ఆ అమ్మాయి చెప్పిన కండిషన్ తీసేసేవాళ్లం, అసలు తప్పు అలాగే ఉండిపోయేది.

లిటరేట్ ప్రోగ్రామింగ్ అంటే నాకు ఇదే. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1984లో ఈ పేరుతో వ్యాసం రాసినప్పుడు చూపించిన వెబ్ (WEB, ఇంటర్నెట్ కాదు) అనే పద్ధతిలో ఒకే మూలం నుంచి రెండు వస్తాయి: టాంగిల్ చేస్తే కంపైలర్‌కి కోడ్, వీవ్ చేస్తే మనిషికి పుస్తకం. పుస్తకాల అక్షరకూర్పు చేసే టెక్ (TeX) ప్రోగ్రామ్‌ని ఆయన అలాగే రాశారు. చాలామంది ఆ అందమైన పుస్తకం దగ్గరే ఆగిపోయి "ఆఫీసులో ఇదంతా ఎవరు చేస్తారు" అంటారు. నా ఉద్దేశంలో అసలు విషయం వరస. కంపైలర్ అడిగే వరసలో కాకుండా మనిషికి అర్థమయ్యే వరసలో చెప్పే స్వేచ్ఛ. లియోని తయారుచేసిన ఎడ్వర్డ్ రీమ్ దాంతో ఇంకో అడుగు ముందుకేశారు. క్లోన్లు ఉన్నాయి కాబట్టి ఒకే వరసకి కట్టుబడక్కర్లేదు. ఈఎస్ఐ కోణంలో ఒక వరస, నెలాఖరు పనుల కోణంలో ఇంకోటి, కోడ్ మాత్రం ఒక్కటే. ఈమాక్స్ ఎడిటర్‌లో ఔట్‌లైన్లు రాసుకునే ఆర్గ్ మోడ్ నాకు ఇష్టమే, కానీ దాంట్లో ఈ క్లోన్లు లేవు. కోడ్, వివరణ సెల్స్ అనే గడుల్లో రాసుకునే జూపిటర్ నోట్‌బుక్‌ని లిటరేట్ ప్రోగ్రామింగ్ అనేవాళ్లతో నేను ఒప్పుకోను. పైనుంచి కిందికి సెల్స్ పేర్చడం తప్ప ఒక ఫంక్షన్ మధ్యలో ముక్కను బయటికి తీసి పేరు పెట్టుకునే వీలు కూడా లేదు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మన ఆఫీసుల్లో నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ పేరుతో జరిగేది పూర్తిగా దండగ. వెళ్లిపోయేవాడు స్క్రీన్ షేర్ చేసి "ఇది ఇలా, అది అలా" అంటాడు, రికార్డ్ చేస్తారు, ఆ వీడియో తర్వాత ఒక్కరూ తెరవరు. ఈఎస్ఐ పీరియడ్ సంగతి మా ఫైల్ రాసి వెళ్లిపోయినవాడికి తెలుసు, తెలిసే ఆ కండిషన్ రాశాడు. రెండు వాక్యాలు కోడ్ పక్కన పెట్టి ఉంటే చాలు. "మంచి కోడ్‌కి వివరణ అక్కర్లేదు" అనేవాళ్లను నేను అడిగేది ఒక్కటే: 4, 10 అనే అంకెల్లోంచి ఈఎస్ఐ నిబంధన ఎలా చదువుతారు?

లియోతో ఇబ్బందులూ ఉన్నాయి. రూపం పాతగా ఉంటుంది, ఆదేశాలు గుర్తుండటానికి కొన్నాళ్లు పడుతుంది. ఔట్‌లైన్ ఎక్స్ఎంఎల్ ఫైల్ కాబట్టి ఇద్దరు మారిస్తే గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) ఆ మార్పుల్ని మెర్జ్ చేయడం, అంటే కలపడం, నరకం. కోడ్‌ని బయటి ఫైల్‌గా రాయడానికి నోడ్ శీర్షికలో @ఫైల్ వాడితే మీ కోడ్ నిండా లియో గుర్తులు కామెంట్లుగా వచ్చిపడతాయి, తోటివాళ్లు ఊరుకోరు. @క్లీన్ వాడండి. కోడ్ ఫైల్ శుభ్రంగా ఉంటుంది, బయట ఎవరైనా మార్చినా లియో ఆ మార్పుల్ని సరైన నోడ్లలోకి తెచ్చుకుంటుంది. కాకపోతే అప్పుడు మీ అమరిక అంతా ఔట్‌లైన్ ఫైల్లోనే ఉంటుంది, దానికి బ్యాకప్ తప్పనిసరి. నేను కారణాలు రాసిన నోడ్లను మాత్రం మామూలు టెక్స్ట్ ఫైల్‌గా తీసి కోడ్‌తో పాటే గిట్‌లో పెడుతున్నాను, లియో లేనివాళ్లు కూడా చదువుకోవచ్చని. ఆ అమ్మాయి ఇప్పుడు ప్రొఫెషనల్ ట్యాక్స్ భాగానికి అలాంటి నోడ్లే రాస్తోంది.