నాలుగు వీఎంలను ఆఫీసు నెట్‌వర్క్‌లో కలపడానికి ఓపెన్ వీస్విచ్ కావాలా?

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇది: ఉబుంటు సర్వర్ మీద కేవీఎం (ఒకే మెషీన్‌లో వీఎంలు, అంటే వర్చువల్ మెషీన్లు, నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకున్నారు, వీఎంకి 192.168.122 తో మొదలయ్యే ఐపీ వస్తోంది, లోపలి నుంచి ఇంటర్నెట్ బానే పనిచేస్తోంది, కానీ పక్క సిస్టమ్ నుంచి ఆ వీఎంకి పింగ్ పోవట్లేదు. బ్రిడ్జ్ (వీఎంలనీ అసలు నెట్‌వర్క్ కార్డునీ ఒకే నెట్‌వర్క్‌లో కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) చేద్దామని ఎక్కడో చూసి కమాండ్లు కొడితే హోస్ట్‌కే, అంటే వీఎంలు నడిచే అసలు మెషీన్‌కే, నెట్ పోయింది. ఇప్పుడు ఎవరో ఓపెన్ వీస్విచ్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ స్విచ్ వేసుకోమన్నారు, వేసుకోవాలా అని అడుగుతున్నారు.

వద్దు. ఒక్క మెషీన్, దాని మీద నాలుగైదు వీఎంలు, అన్నిటికీ మీ రౌటరే ఐపీ ఇవ్వాలి, ఇంతే కదా మీ అవసరం. దానికి లైనక్స్ కెర్నెల్‌లోనే ఉన్న మామూలు బ్రిడ్జ్ సరిపోతుంది. ఇంత దానికి ఓపెన్ వీస్విచ్ అంటే కొండను తవ్వి ఎలుకను పట్టడమే. నేను రెండూ వాడతాను, ఓపెన్ వీస్విచ్ ఎక్కడ పనికొస్తుందో కింద చెప్తాను.

ముందు ఇప్పుడేం జరుగుతోందో చూడండి. లిబ్‌వర్ట్ (వీఎంలను మేనేజ్ చేసే సాఫ్ట్‌వేర్) వేయగానే వర్‌బీఆర్0 అని ఒకటి వస్తుంది కదా, అది కూడా బ్రిడ్జే. కాకపోతే దానికి మీ అసలు నెట్‌వర్క్ కార్డు తగిలించి ఉండదు, వీఎం ట్రాఫిక్‌ని హోస్ట్ నాట్ చేసి, అంటే తన ఐపీ తగిలించి, బయటికి పంపుతుంది. అందుకే లోపల్నుంచి బయటికి పోతుంది, బయట్నుంచి లోపలికి దారి ఉండదు. "అయితే కార్డుని వర్‌బీఆర్0కే కలిపేస్తే పోలా" అని చాలామందికి అనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకండి. ఆ బ్రిడ్జ్ మీద డీఎన్ఎస్‌మాస్క్ అనే డీహెచ్‌సీపీ సర్వర్ నడుస్తూ ఉంటుంది, కార్డు తగిలించగానే అది మీ ఆఫీసు మొత్తానికి ఐపీలు పంచడం మొదలెడుతుంది. నేను వెళ్లిన ఒక ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్ వాళ్లు పొద్దున్నే వచ్చి ప్రింటర్ దొరకట్లేదని గోల. చూస్తే వాళ్ల సిస్టమ్‌కి 192.168.122 ఐపీ ఉంది! ఎవరి వీఎం బాక్స్ నుంచి వచ్చిందో పట్టుకునేసరికి మధ్యాహ్నం అయింది.

ఇంకోటి, మీ హోస్ట్ కేబుల్ మీద ఉందా, వైఫై మీద ఉందా? మీరు రాయలేదు. వైఫై అయితే బ్రిడ్జ్ సంగతి మర్చిపోండి. మామూలు వైఫై క్లయింట్ పంపే ఫ్రేమ్‌లో (డేటా ముక్కలో), దాన్ని గాల్లోకి వదిలిన కార్డు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబర్) వేరు, అసలు పంపిన వీఎం మ్యాక్ వేరు అని చెప్పుకోడానికి చోటే ఉండదు. పైగా తన దగ్గర లాగిన్ అవ్వని మ్యాక్‌ని యాక్సెస్ పాయింట్ పట్టించుకోదు. అందుకే లైనక్స్ కెర్నెల్ వైఫై కార్డుని బ్రిడ్జ్‌లో చేర్చనే చేర్చదు, ఎర్రర్ ఇస్తుంది. వర్చువల్‌బాక్స్‌లో పనిచేస్తోంది కదా అంటారు, అది మ్యాక్‌లు మార్చి మేనేజ్ చేస్తుంది కాబట్టి. వైఫై తప్పదంటే నాట్ మీదే ఉండి కావలసిన పోర్టులు ఫార్వర్డ్ చేసుకోండి, లేదా యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ ఒకటి కొనుక్కుని కేబుల్ లాగండి.

ఇక హోస్ట్‌కి నెట్ ఎందుకు పోయింది. కార్డుని బ్రిడ్జ్‌లో చేర్చిన క్షణం నుంచి ఆ కార్డుకి వచ్చే ప్రతి ఫ్రేమ్‌నీ బ్రిడ్జ్ ముందే లాగేసుకుంటుంది. కార్డు మీద ఉన్న ఐపీ అక్కడే ఉన్నా దానివల్ల ఉపయోగం లేదు. ఐపీ, గేట్‌వే రెండూ బ్రిడ్జ్ మీదకి మారాలి. నెట్‌ప్లాన్ (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులు చూసేది) ఫైల్‌లో కార్డుకి డీహెచ్‌సీపీ ఆపేసి, బ్రిడ్జెస్ కింద బీఆర్0 అని రాసి, దాని ఇంటర్‌ఫేసుల్లో ఆ కార్డు పేరు పెట్టి, డీహెచ్‌సీపీ గానీ స్టాటిక్ ఐపీ గానీ బీఆర్0కి ఇవ్వండి. మీరు చూసిన కమాండ్లు బహుశా పాత పద్ధతివి. ఉబుంటు 17.10 నుంచి నెట్‌ప్లానే డిఫాల్ట్, చేత్తో కొట్టిన కమాండ్లు రీబూట్ అయితే పోతాయి. ఎస్ఎస్‌హెచ్‌లో (నెట్ మీదుగా వేరే సిస్టమ్ నుంచి లాగిన్ అయి) కూర్చుని మాత్రం ఇది చేయొద్దు, మానిటర్, కీబోర్డు తగిలించుకుని సిస్టమ్ ముందే కూర్చోండి.

ఇంత సరిగ్గా చేశాక కూడా "మళ్లీ నెట్ పోయింది" అంటారు కొందరు. నెట్ పోదు, ఐపీ మారుతుంది. ఇప్పటి సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు నడిపేది) బ్రిడ్జ్‌కి సొంతంగా ఒక మ్యాక్ తయారు చేసి ఇస్తుంది కాబట్టి రౌటర్‌కి అది కొత్త మనిషి, కొత్త ఐపీ ఇస్తుంది, మీరేమో పాత ఐపీకి కనెక్ట్ అవుదామని కూర్చుంటారు. నెట్‌ప్లాన్‌లో బీఆర్0కి మ్యాక్ అడ్రస్‌గా కార్డు మ్యాకే రాసేయండి, రౌటర్‌లో ఆ మ్యాక్‌కి పెట్టుకున్న ఐపీ రిజర్వేషన్ చెడిపోకుండా ఉంటుంది. అలాగే ఎస్‌టీపీ (స్విచ్‌ల మధ్య లూప్ పడకుండా చూసేది) ఆఫ్ చేయండి. నెట్‌ప్లాన్ దాన్ని ఆన్‌లోనే పెడుతుంది. ఆన్‌లో ఉంటే వీఎం స్టార్ట్ అయిన ప్రతిసారీ దాని పోర్టు 15 సెకన్లు వింటూ, ఇంకో 15 సెకన్లు నేర్చుకుంటూ కూర్చుంటుంది, ఈలోపు వీఎంలో డీహెచ్‌సీపీ విసిగిపోయి ఊరుకుంటుంది. ఆఫీసు స్విచ్‌లో బీపీడీయూ గార్డ్ (ఎస్‌టీపీ సందేశం వచ్చిన పోర్టుని ఆపేసే కాపలా) పెట్టి ఉంటే ఇంకా టెన్షన్, మీ గోడ పోర్టునే మూసేస్తుంది. పోర్టుకి ఒక్క మ్యాకే అని పోర్ట్ సెక్యూరిటీ పెట్టిన చోట కూడా ఇదే తంతు, అక్కడ మీరేం చేసినా లాభం లేదు, నెట్‌వర్క్ అడ్మిన్‌కి చెప్పి లిమిట్ పెంచించుకోవాల్సిందే.

వర్ట్ మేనేజర్‌లో (వీఎంల సెట్టింగులు మార్చే ప్రోగ్రామ్‌లో) కనిపించే మ్యాక్‌వీట్యాప్ (బ్రిడ్జ్ లేకుండా వీఎంని నేరుగా కార్డుకి తగిలించే పద్ధతి) ఇంతకన్నా తేలిక, నిజమే. కానీ దాంతో హోస్ట్‌కీ వీఎంకీ మధ్య మాట ఉండదు, బయటి వాళ్లందరితో మాత్రం వీఎం మాట్లాడుతుంది. హోస్ట్ నుంచే వీఎంలోకి ఎస్ఎస్‌హెచ్ చేసే అలవాటుంటే అది మీకు కుదరదు.

బ్రిడ్జ్ అంతా అయ్యాక పింగ్ పోకపోతే ఊహించకండి, టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లను చూపించే టూల్) పెట్టి చూడండి. వీఎం నడుస్తుంటే హోస్ట్‌లో వీనెట్0 లాంటి ట్యాప్ (వీఎం నెట్‌వర్క్ కార్డుకి హోస్ట్ వైపు కొస) ఒకటి కనిపిస్తుంది. వీఎం లోపల మ్యాక్ 52:54:00 తో మొదలైతే, హోస్ట్ వైపు ట్యాప్‌కి ముందున్న 52 బదులు ఎఫ్ఈ ఉంటుంది, మిగతాదంతా ఒకటే. అది తేడా కొట్టడం కాదు, లిబ్‌వర్ట్ కావాలనే చేస్తుంది. మ్యాక్ విడిగా ఇవ్వని బ్రిడ్జ్ తన పోర్టుల్లో అన్నిటికన్నా చిన్న మ్యాక్‌ని తనదిగా తీసుకుంటుంది కదా, వీఎంలు వచ్చి పోయినప్పుడల్లా అది మారిపోకుండా ట్యాప్‌కి పెద్ద అంకె ఇస్తుంది. ఇప్పుడు ఒక టెర్మినల్‌లో ట్యాప్ మీద, ఇంకో టెర్మినల్‌లో అసలు కార్డు మీద టీసీపీడంప్ పెట్టి, పక్క సిస్టమ్ నుంచి పింగ్ చేయండి. "ఈ ఐపీ ఎవరిది" అని అడిగే ఏఆర్‌పీ ముందు కార్డు మీద, వెంటనే ట్యాప్ మీద కనిపించాలి, జవాబు అదే దారిలో వెనక్కి రావాలి. ఎక్కడ ఆగిందో అక్కడే తప్పు.

మా జూనియర్ మెషీన్‌లో వచ్చిన కేసు ఇక్కడ చెప్పాలి, మీకూ ఇదే తగలొచ్చు. ఏఆర్‌పీ వెళ్తోంది, జవాబు వస్తోంది, పక్క సిస్టమ్ ఏఆర్‌పీ టేబుల్‌లో వీఎం మ్యాక్ కూడా ఎక్కింది. పింగ్ ప్యాకెట్ మాత్రం కార్డు మీద కనిపిస్తుంది, ట్యాప్ మీద కనిపించదు. హోస్ట్ నుంచి వీఎంకి పింగ్ హాయిగా పోతుంది. ఈ లక్షణాలన్నీ కలిసి కనిపిస్తే నేను అడిగే మొదటి ప్రశ్న, ఆ హోస్ట్ మీద డాకర్ (కంటెయినర్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఉందా అని. ఉంది. డాకర్ 2017లో వచ్చిన 1.13 వెర్షన్ నుంచి ఐపీటేబుల్స్‌లో (లైనక్స్ ఫైర్‌వాల్‌లో) ఫార్వర్డ్ పాలసీని డ్రాప్‌గా మారుస్తోంది, అంటే ఏ రూలూ ఒప్పుకోకపోతే హోస్ట్ గుండా పోయే ప్యాకెట్లను పారేస్తుంది. బీఆర్ నెట్‌ఫిల్టర్ అనే మాడ్యూల్ లోడ్ అయి ఉంటే బ్రిడ్జ్ గుండా పోయే ఐపీ ప్యాకెట్లు కూడా ఆ రూల్స్ కిందికి వస్తాయి. ఏఆర్‌పీ ఐపీ కాదు కాబట్టి తప్పించుకుంటుంది, పింగ్, డీహెచ్‌సీపీ చచ్చిపోతాయి. డాకర్ యూజర్ చైన్‌లో (ఆ ఫైర్‌వాల్‌లో మన రూల్స్ పెట్టుకునే చోట) బీఆర్0 నుంచి బీఆర్0కే పోయే ట్రాఫిక్‌ని యాక్సెప్ట్ చేయమని ఒక్క రూల్ పెట్టాం, పని అయిపోయింది. ఆ ఫిల్టరింగ్‌నే సిస్‌కంట్రోల్ అనే కెర్నెల్ సెట్టింగుల కమాండ్‌తో ఆపేయమని చాలాచోట్ల రాస్తుంటారు. అది డాకర్ కంటెయినర్ల మధ్య కట్టుబాట్లను కూడా సడలిస్తుంది, నాకు నచ్చదు.

ఓపెన్ వీస్విచ్ ఎప్పుడంటే, రెండు మూడు హోస్ట్‌ల మీదున్న వీఎంలు ఒకే స్విచ్‌కి తగిలించినట్టు ఉండాలి, మధ్యలో టన్నెల్స్ కావాలి, ఏ ప్యాకెట్ ఎటు పోవాలో ఓపెన్‌ఫ్లో రూల్స్‌తో మీరే చెప్పాలి అనుకున్నప్పుడు. నిసిరా అనే కంపెనీ 2009లో దాన్ని విడుదల చేసింది ఇలాంటి పెద్ద డేటాసెంటర్ల కోసమే. ఒక్క వీల్యాన్ల (ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్క్‌లుగా విడదీయడం) కోసమైతే అదీ అక్కర్లేదు, 2013లో వచ్చిన 3.9 కెర్నెల్ నుంచి మామూలు బ్రిడ్జ్‌కే వీల్యాన్ ఫిల్టరింగ్ ఉంది. నాకు ఓపెన్ వీస్విచ్‌లో బాగా నచ్చేది ట్రేస్: ఫలానా పోర్టులోంచి ఫలానా ప్యాకెట్ వస్తే ఏం చేస్తావు అని అడిగితే ఏ రూల్ తగిలి ఎటు పోతుందో వరసగా చెప్తుంది. మామూలు బ్రిడ్జ్‌లో ఇంత సుఖం లేదు.

దానికి ఖర్చూ ఉంది. రెండు ల్యాబ్ మెషీన్ల మధ్య వీఎక్స్‌ల్యాన్ టన్నెల్ (వీఎం ప్యాకెట్లను ఇంకో ప్యాకెట్‌లో చుట్టి అవతలి హోస్ట్‌కి పంపేది) వేసినప్పుడు పింగ్ వెళ్లేది, వీఎంలో వెబ్ పేజీ సగం వచ్చి ఆగిపోయేది. వీఎక్స్‌ల్యాన్ ప్రతి ప్యాకెట్‌కీ 50 బైట్లు అదనంగా తగిలిస్తుంది, 1500 బైట్లు దాటితే మధ్యలో దారి లేదు. వీఎంల ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1450 చేస్తే సరిపోయింది. పైగా హోస్ట్ సొంత ఐపీని కూడా ఓపెన్ వీస్విచ్ మీదే పెట్టేస్తే, ఏదో ఒక రోజు ఆ సర్వీస్ సరిగ్గా లేవకపోతే మీరు హోస్ట్‌లోకి కూడా వెళ్లలేరు. రెండో నెట్‌వర్క్ కార్డు ఉంటే హోస్ట్ ఐపీ దాని మీద విడిగా ఉంచండి.

మీకు ముందు బీఆర్0 చేయండి, వీఎం సెట్టింగుల్లో నెట్‌వర్క్ సోర్స్ డిఫాల్ట్ తీసేసి బ్రిడ్జ్ బీఆర్0 అని పెట్టి, వీఎం పూర్తిగా ఆపి మళ్లీ లేపండి, లోపల్నుంచి రీస్టార్ట్ కొడితే సరిపోదు. అప్పటికీ రాకపోతే కేబులా వైఫైనా, డాకర్ ఉందా లేదా, టీసీపీడంప్‌లో ఏఆర్‌పీ ఎక్కడిదాకా కనిపించిందో, ఈ మూడూ రాయండి, చూద్దాం.